లాక్‌ల వరస: డ్రైవర్ రాసేవారి ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో లినక్స్ కెర్నల్ డెడ్‌లాక్‌ల (లాక్‌ల కోసం ఎదురుచూస్తూ పనులు ఎప్పటికీ కదలకుండా బిగుసుకుపోవడం) గురించి అడిగినవే ఎక్కువ. ఒకే చిక్కు చుట్టూ తిరిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఫంక్షన్ల పేర్లు, కెర్నల్ సందేశాలు కూడా తెలుగు లిపిలోనే రాశాం. అండర్‌స్కోర్ ఉండాల్సిన చోట ఖాళీ వదిలాం.

ప్రశ్న: నమస్కారమండీ. ఒక సెన్సర్ బోర్డుకు డ్రైవర్ రాస్తున్నాను. అందులో రెండు మ్యూటెక్స్‌లు (ఒకసారికి ఒకరికే దక్కే లాక్‌లు) ఉన్నాయి. ఒకటి డివైస్ స్థితికి, ఇంకొకటి రిక్వెస్టుల క్యూకి. వారాల తరబడి బాగానే నడుస్తుంది. లోడ్ పెరిగినప్పుడు మాత్రం ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది, కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. లాగ్‌లో "బ్లాక్డ్ ఫర్ మోర్ దేన్ 120 సెకండ్స్" అని వస్తుంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: వెంటనే రీబూట్ చేయకండి. కావలసిన సాక్ష్యమంతా ఆ బిగుసుకుపోయిన మెషీన్లోనే ఉంది. కిల్ మైనస్ 9కి లొంగలేదంటే ఆ టాస్క్ డీ స్థితిలో, అంటే సిగ్నల్‌తో లేపలేని నిద్రలో ఉందన్నమాట. మ్యూటెక్స్ లాక్ అనే మామూలు ఫంక్షన్ లాక్ దొరకనప్పుడు అలాగే నిద్రపోతుంది. ప్రోక్ డైరెక్టరీలోని సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైల్లోకి రూట్‌గా డబ్ల్యూ అక్షరాన్ని ఎకో చేయండి. అలా నిద్రపోతున్న టాస్కులన్నిటి స్టాక్‌లూ కెర్నల్ లాగ్‌లో పడతాయి. మీ కెర్నల్‌ను లాక్‌డెప్‌తో (లాక్‌లు ఏ వరసలో తీసుకుంటున్నారో కాపలా కాసే కెర్నల్ సాధనం) కట్టి ఉంటే, చిన్న డి అక్షరం ఎకో చేస్తే ఏ టాస్క్ చేతిలో ఏ లాక్ ఉందో కూడా చూపిస్తుంది. ఇంకో సంగతి: ఆ 120 సెకన్ల హెచ్చరిక మామూలు సెట్టింగులో 10 సార్లు వచ్చి ఆగిపోతుంది. అందుకని లాగ్ చివర వెతక్కుండా మొట్టమొదటి హెచ్చరిక దగ్గరికి వెళ్లండి.

మీరు రాసినదాన్ని బట్టి అక్కడ రెండు స్టాక్‌లు కనిపించాలి. ఒకటి ఐఓసీటీఎల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కు ఆదేశాలిచ్చే సిస్టమ్ కాల్) దారిలో వచ్చి క్యూ లాక్ కోసం ఆగినది. రెండోది కేవర్కర్ (వాయిదా వేసిన పనులను నడిపే కెర్నల్ థ్రెడ్), డివైస్ లాక్ కోసం ఆగినది. ఐఓసీటీఎల్ డివైస్ లాక్ ముందు తీసుకుని తర్వాత క్యూ లాక్ అడుగుతోంది. పని పూర్తయ్యాక నడిచే వర్క్ ఫంక్షన్ క్యూ లాక్ పట్టుకుని, లోపల స్థితి మార్చడానికి డివైస్ లాక్ అడుగుతోంది. ఒకదాని చేతిలో ఉన్నది ఇంకొకదానికి కావాలి, ఎవరూ వదలరు. కెర్నల్ రాసేవాళ్లు దీన్ని ఏబీబీఏ డెడ్‌లాక్ అంటారు. వారాల తరబడి ఎందుకు రాలేదంటే, ఇద్దరూ మొదటి లాక్ తీసుకుని రెండోది అడగబోయే ఆ మైక్రోసెకన్ల సందు రెండు సీపీయూల మీద ఒకేసారి పడాలి. లోడ్ పెరిగితే ఆ అవకాశం పెరుగుతుంది, అంతే. తప్పు మాత్రం కోడ్ రాసిన రోజు నుంచీ ఉంది.

డెడ్‌లాక్ రావాలంటే నాలుగు పరిస్థితులు ఒకేసారి ఉండాలని 1971లోనే కాఫ్‌మన్ బృందం తేల్చింది. ఒక వనరు ఒకరికే దక్కడం, ఒకటి పట్టుకుని ఇంకొకదానికోసం ఆగడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఎదురుచూపులు చక్రంలా తిరిగి మొదటివాడి దగ్గరికే చేరడం. కెర్నల్ మ్యూటెక్స్‌లతో మొదటి మూడింటినీ మార్చడం దాదాపు కుదరదు. మన చేతిలో ఉన్నది నాలుగోదే. లాక్‌లన్నిటికీ ఒక వరస పెట్టి, ఏ దారిలో వచ్చినా అదే వరసలో తీసుకుంటే చక్రం ఏర్పడే వీలే లేదు.

మీ డ్రైవర్లో డివైస్ లాక్‌ను బయటి లాక్‌గా, క్యూ లాక్‌ను లోపలి లాక్‌గా ఖాయం చేయండి. సాధారణంగా ఎక్కువ డేటాను కాపాడేది, ఎక్కువసేపు పట్టుకునేది బయట ఉండాలి. చిన్నది, త్వరగా వదిలేది లోపల ఉండాలి. స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఉండే లాక్) ఎప్పుడూ మ్యూటెక్స్ లోపలే. స్పిన్‌లాక్ పట్టుకుని మ్యూటెక్స్ అడిగితే అది వరస తప్పడంతో పోదు, నిద్రపోకూడని చోట నిద్రపోవడం అవుతుంది.

ఇక వర్క్ ఫంక్షన్‌ను సరిచేయడం. క్యూ లాక్ తీసుకుని, పూర్తయిన రిక్వెస్టులన్నిటినీ లిస్ట్ స్ప్లైస్ ఇనిట్‌తో మీ సొంత లోకల్ లిస్టులోకి ఒక్కసారిగా మార్చుకోండి. క్యూ లాక్ వదిలేయండి. ఆ తర్వాత డివైస్ లాక్ తీసుకుని లోకల్ లిస్టు మీద పని చేయండి. రెండు లాక్‌లూ కలిసి పట్టుకునే అవసరమే పోయింది. అయితే ఇక్కడ చాలామంది ఇంకో గోతిలో పడతారు. క్యూ లాక్ వదిలి డివైస్ లాక్ తీసుకునేలోపు ప్రపంచం మారి ఉండవచ్చు: డివైస్ ఊడిపోయి ఉండవచ్చు, రిక్వెస్ట్ రద్దయి ఉండవచ్చు. కాబట్టి డివైస్ లాక్ చేతికొచ్చాక స్థితిని మళ్లీ పరీక్షించాలి. రిక్వెస్ట్ మెమరీ మధ్యలో ఫ్రీ కాకుండా కేరెఫ్ (దాన్ని ఎందరు వాడుతున్నారో చెప్పే) లెక్క ఒకటి పట్టుకుని ఉండాలి. ఈ రెండూ చేయకపోతే డెడ్‌లాక్ పోయి, దానికంటే కనిపెట్టడం కష్టమైన యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (ఫ్రీ చేసిన మెమరీని వాడటం) వస్తుంది.

వరసను స్ట్రక్ట్ నిర్వచనం పైన కామెంట్‌గా రాయండి. లాక్ పట్టుకునే పిలవాల్సిన ప్రతి ఫంక్షన్ మొదట్లో లాక్‌డెప్ అసర్ట్ హెల్డ్ పెట్టండి. కామెంట్ కాలక్రమంలో పాతబడుతుంది, అసర్ట్ పాతబడదు.

ప్రశ్న: రెండు క్యూలు, రెండూ ఒకే రకం. ఒకదాన్నుంచి మరొకదానికి బఫర్లు మార్చాలి. రెండు లాక్‌లూ ఒకే టైపు కదా, వాటిలో ఏది ముందు? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: మంచి ప్రశ్న. పేర్లతో పెట్టిన వరస ఇక్కడ పనికిరాదు. మొదటి క్యూ నుంచి రెండోదానికి ఒకరు, రెండోదాన్నుంచి మొదటిదానికి ఇంకొకరు మారుస్తుంటే, "మూలం ముందు, గమ్యం తర్వాత" అన్న నియమమే డెడ్‌లాక్ తెస్తుంది. లాక్‌ల మధ్య మారని పోలిక ఒకటి కావాలి. సీరియల్ నంబరుంటే అది వాడండి, లేకపోతే మెమరీ అడ్రస్ చాలు. చిన్న అడ్రస్ ఉన్నదాన్ని ముందు తీసుకోండి. రెండు లాక్‌లూ బతికి ఉన్నంతసేపు వాటి అడ్రస్ మారదు. వరసకు అంతకుమించి అక్కర్లేదు. రెండు పాయింటర్లూ ఒకే క్యూని చూపిస్తున్నాయేమో ముందు పరీక్షించండి. అలాంటప్పుడు లాక్ ఒక్కసారే తీసుకోవాలి. ఆ ఒక్క పరీక్ష మరిచిపోతే తన చేతిలో ఉన్న లాక్ కోసం తానే ఎదురుచూస్తూ కూర్చుంటుంది, కెర్నల్ మ్యూటెక్స్ రెండోసారి ఇవ్వదు.

కెర్నల్లో ఇదే పద్ధతి చాలాచోట్ల ఉంది. డైరెక్టరీలు కాని రెండు ఐనోడ్‌లను (ఫైల్ వివరాలుంచే కెర్నల్ రికార్డులు) లాక్ చేసే లాక్ టూ నాన్‌డైరెక్టరీస్ అడ్రస్ వరస పాటిస్తుంది. షెడ్యూలర్ ఒక సీపీయూ నుంచి మరో సీపీయూకి టాస్క్‌ను మార్చేటప్పుడు రెండు రన్‌క్యూల (నడవాల్సిన టాస్కుల క్యూలు) లాక్‌లు తీసుకోవాలి, వాటికీ ఇలాంటి పోలికే ఉంది.

డైరెక్టరీల దగ్గర మాత్రం అడ్రస్ చాలదు. అక్కడ పై డైరెక్టరీ ముందు, కింది డైరెక్టరీ తర్వాత అన్న వరస ముందే పాతుకుపోయి ఉంది. ఫైల్ సృష్టించినా తుడిచినా దారి పైనుంచి కిందికే. ఒక డైరెక్టరీలోంచి ఇంకోదానిలోకి రీనేమ్ చేసేటప్పుడు ఒకటి మరొకదానికి పూర్వీకురాలైతే దాన్నే ముందు లాక్ చేయాలి. కానీ ఎవరు పైన, ఎవరు కింద అని చూస్తుండగానే మరో రీనేమ్ ఆ చెట్టునే మార్చేస్తే? అందుకే డైరెక్టరీల మధ్య జరిగే ప్రతి రీనేమ్ ముందుగా ఆ ఫైల్‌సిస్టమ్ మొత్తానికి ఒక్కటే ఉండే విఎఫ్ఎస్ రీనేమ్ మ్యూటెక్స్ తీసుకుంటుంది. చెట్టు ఆకారాన్ని మార్చేది ఆ రకం రీనేమే కాబట్టి, అది చేతిలో ఉన్నంతసేపు పోలిక చెదరదు. వరస ఆధారపడిన సమాచారమే మారిపోయే చోట, ఆ సమాచారానికి కూడా ఒక లాక్ కావాలన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

ఒకే రకం లాక్‌లు రెండు పట్టుకుంటే లాక్‌డెప్ అరుస్తుంది. రెండోదాన్ని మ్యూటెక్స్ లాక్ నెస్టెడ్‌తో, సింగిల్ డెప్త్ నెస్టింగ్ అన్న గుర్తు ఇచ్చి తీసుకోండి. ఆ గుర్తు పెట్టాక అడ్రస్ వరసను మీరు నిజంగా పాటిస్తున్నారో లేదో లాక్‌డెప్ చూడదు, మీ మాట నమ్ముతుంది. ఆ పోలికను కూడా దానిచేతే పరీక్షించాలంటే ఇటీవలి కెర్నళ్లలో లాక్ సెట్ సీఎంపీ ఎఫ్ఎన్ ఉంది. పోల్చే ఫంక్షన్‌ను దానికి అప్పగిస్తే సరి.

ప్రశ్న: లాక్‌లు వదిలేటప్పుడు కూడా తిరగేసిన వరసే పాటించాలా? (గుంటూరు విద్యార్థి)

జవాబు: డెడ్‌లాక్ వరకైతే అక్కర్లేదు. వదలడానికి ఎవరూ ఎదురుచూడరు. తిరగేసి వదిలితే కోడ్ చదవడం తేలిక, ఎర్రర్ దారిలో గోటూ లేబుళ్లు సరిగా కుదురుతాయి, అందుకే అందరూ అలా రాస్తారు. ఒక్క జాగ్రత్త: బయటి లాక్ వదిలి, లోపలిది ఇంకా చేతిలో ఉండగా మళ్లీ బయటిదాన్ని అడిగితే అది కొత్త వరస కిందికే వస్తుంది.

ప్రశ్న: మా డ్రైవర్ ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. అయినా టెస్ట్ కెర్నల్లో "పాజిబుల్ సర్క్యులర్ లాకింగ్ డిపెండెన్సీ డిటెక్టెడ్" అని పెద్ద రిపోర్ట్ వస్తోంది. ఇది తప్పుడు హెచ్చరిక అని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా? (బెంగళూరు పాఠకుడు)

జవాబు: చాలామటుకు అది నిజమైన తప్పే. ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్ 2006లో 2.6.18 కెర్నల్‌తో వచ్చింది. దాని బలమంతా ఇదే: డెడ్‌లాక్ జరగనక్కర్లేదు, రెండు దారులూ ఒకేసారి నడవనక్కర్లేదు. పొద్దున ఒక దారిలో ఏ పట్టుకుని బీ తీసుకున్నారని రాసుకుంటుంది. సాయంత్రం ఇంకో దారిలో బీ పట్టుకుని ఏ అడిగితే చక్రం పూర్తయిందని చెప్పేస్తుంది. ఆ రెంటి మధ్య మూడు నాలుగు వేరే లాక్‌లు ఉన్నా గొలుసు పట్టుకుంటుంది.

రిపోర్ట్ చదివే తీరు చెబుతాం. మొదట్లో ఏ టాస్క్ ఏ లాక్ అడుగుతోంది, ఇప్పటికే ఏది పట్టుకుని ఉంది అని రెండు లాక్‌ల పేర్లు ఉంటాయి. తర్వాత "ఇన్ రివర్స్ ఆర్డర్" అంటూ గొలుసు వస్తుంది. అందులో పెద్ద నంబరు పాత సంబంధం, సున్నా నంబరు ఇప్పుడు జరిగింది. సున్నా స్టాక్ చూసి అక్కడే సరిచేయాలని తొందరపడకండి. తప్పు వరస పాత స్టాక్‌లోదే కావచ్చు. ఏది సరైన వరసో మీరు రాసుకున్న కామెంట్‌తో పోల్చి, దానికి ఎదురు నడిచే దారిని సరిచేయండి. కింద సీపీయూ 0, సీపీయూ 1 అని రెండు నిలువు వరసల్లో వేసే బొమ్మ మామూలు కేసుల్లో చాలా సాయం చేస్తుంది.

తప్పుడు హెచ్చరిక వచ్చే సందర్భం కూడా ఉంది. లాక్‌డెప్ ఒక్కో లాక్‌ను విడిగా చూడదు, లాక్‌లను తరగతులుగా చూస్తుంది. మ్యూటెక్స్ ఇనిట్ పిలిచిన ఒక్కో చోటు ఒక్కో తరగతి. మీ డ్రైవర్లో వేర్వేరు పనులకు వాడే మ్యూటెక్స్‌లన్నిటినీ ఒకే సహాయక ఫంక్షన్‌లో ఇనిట్ చేస్తుంటే అవన్నీ ఒకే తరగతిలో పడిపోతాయి, లేని చక్రాలు కనిపిస్తాయి. అలాంటప్పుడు లాక్‌డెప్ సెట్ క్లాస్‌తో వేరే కీ ఇవ్వండి. హెచ్చరిక నోరు మూయించడానికే నెస్టెడ్ రూపాలు చల్లేయడం మాత్రం వద్దు. నిజమైన తప్పును దాచిపెట్టి కస్టమర్ మెషీన్‌కు పంపినట్టవుతుంది.

ఇంకో రెండు ఆచరణ విషయాలు. లాక్‌డెప్ మొదటి రిపోర్ట్ ఇచ్చాక తనను తాను ఆపేసుకుంటుంది. అంటే వేరే డ్రైవర్ బూట్‌లోనే ఒక రిపోర్ట్ తెప్పిస్తే, ఆ తర్వాత మీ డ్రైవర్ను ఎవరూ పరీక్షించడం లేదు. ప్రోక్‌లోని లాక్‌డెప్ స్టాట్స్ ఫైల్లో డీబగ్ లాక్స్ అన్న వరసలో 1 ఉందో లేదో టెస్ట్ మొదట్లోనూ చివర్లోనూ చూడండి. సోర్స్ లేని యాజమాన్య మాడ్యూల్ లోడ్ చేసినా "డిసేబ్లింగ్ లాక్ డీబగ్గింగ్ డ్యూ టు కెర్నల్ టెయింట్" అని చెప్పి ఆగిపోతుంది. రెండోది, కెర్నల్ కాన్ఫిగ్‌లో ప్రూవ్ లాకింగ్, డీబగ్ అటామిక్ స్లీప్ రెండూ పెట్టండి. ఇవి కెర్నల్‌ను బాగా నెమ్మది చేస్తాయి కాబట్టి టెస్ట్ మెషీన్లకే. కానీ నడవని కోడ్ దారిని లాక్‌డెప్ చూడలేదు. ఎర్రర్ దారులు, డివైస్ పీకేయడం, సస్పెండ్, రెజ్యూమ్ అన్నీ టెస్ట్‌లో ఒక్కసారైనా నడవాలి.

ప్రశ్న: నా కోడ్‌లో ఉన్నది ఒక్కటే స్పిన్‌లాక్. ఒకే లాక్‌తో డెడ్‌లాక్ ఎలా వస్తుందండీ? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే లాక్ తీసుకుంటుంటే వస్తుంది. మామూలు కోడ్ స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూ ఉంటుంది. లాక్ ఉన్న కోడ్ ముందుకు కదలాలంటే హ్యాండ్లర్ ముగియాలి. ఇంతే. హ్యాండ్లర్‌తో పంచుకునే లాక్‌ను మామూలు కోడ్‌లో స్పిన్ లాక్ ఐఆర్‌క్యూసేవ్‌తోనే (ఇది ఆ సీపీయూ మీద ఇంటరప్ట్‌లు మూస్తుంది) తీసుకోవాలి. హ్యాండ్లర్‌ను థ్రెడెడ్ ఐఆర్‌క్యూగా (అసలు పని వేరే థ్రెడ్‌లో నడిచేలా) పెట్టి, లాక్ ఆ థ్రెడ్ భాగంలో మాత్రమే వాడితే ఈ ఇబ్బంది లేదు.

దీనికి రెండు లాక్‌ల రూపం కూడా ఉంది, అది ఇంకా మోసకారి. ఏ అనేది ఇంటరప్ట్‌లో వాడే లాక్. బీ అనేది ఇంటరప్ట్‌లు తెరిచి ఉంచే తీసుకునే మామూలు లాక్. సీపీయూ 1 ఏ పట్టుకుని బీ కోసం ఆగింది. బీ పట్టుకున్న సీపీయూ 0 మీద ఇంటరప్ట్ వచ్చి ఏ అడిగింది. బీ పట్టుకుని ఏ తీసుకునే కోడ్ సోర్స్‌లో ఎక్కడా లేదు, ఇంటరప్టే ఆ వరసను తెచ్చిపెట్టింది. ఇంటరప్ట్‌లో వాడే లాక్ లోపల తీసుకునే ప్రతి లాక్‌నూ ఎక్కడ తీసుకున్నా ఇంటరప్ట్‌లు మూసే తీసుకోవాలి.

ఎదురుచూపు కూడా లాక్ లాంటిదే. మ్యూటెక్స్ పట్టుకుని క్యాన్సిల్ వర్క్ సింక్ (నడుస్తున్న వర్క్ ముగిసేదాకా ఆగే ఫంక్షన్) పిలిచారు, ఆ వర్క్ ఫంక్షన్ అదే మ్యూటెక్స్ అడుగుతుంది. రిమూవ్ ఫంక్షన్లలో ఇది పదేపదే కనిపించే తప్పు. ముందు కొత్త పని చేరకుండా ఒక గుర్తు పెట్టి, లాక్ వదిలి, తర్వాత క్యాన్సిల్ చేయండి. వర్క్‌ల విషయంలో లాక్‌డెప్ దీన్ని పట్టుకుంటుంది. వెయిట్ ఫర్ కంప్లీషన్ దగ్గర మామూలుగా పట్టుకోలేదు, అక్కడ మీ కళ్లే గతి.

ప్రశ్న: రైట్ హ్యాండ్లర్లో డివైస్ మ్యూటెక్స్ తీసుకుని కాపీ ఫ్రమ్ యూజర్ చేస్తున్నాను. ఎంమ్యాప్ హ్యాండ్లర్లో కూడా అదే మ్యూటెక్స్. లాక్‌డెప్ ఎంమ్యాప్ లాక్ అంటూ నేను ఎప్పుడూ వినని లాక్ పేరు చెబుతోంది. నేను దాన్ని తీసుకోలేదు కదా? (డాలస్ పాఠకుడు)

జవాబు: మీరు రాయలేదు, కానీ తీసుకున్నారు. కాపీ ఫ్రమ్ యూజర్ చదివే యూజర్ ప్రోగ్రామ్ పేజీ మెమరీలో లేకపోతే పేజ్ ఫాల్ట్ వస్తుంది, దాన్ని తీర్చడానికి కెర్నల్ ఆ ప్రాసెస్ మెమరీ మ్యాప్‌ను కాపాడే ఎంమ్యాప్ లాక్‌ను రీడ్‌గా అడగవచ్చు. 2020లో 5.8 కెర్నల్ దాకా దీని పేరు ఎంమ్యాప్ సెమ్. ఇక ఎంమ్యాప్ హ్యాండ్లర్ను కెర్నల్ పిలిచేసరికే ఆ లాక్ రైట్‌గా చేతిలో ఉంటుంది. అంటే ఒక థ్రెడ్ మ్యూటెక్స్ నుంచి ఎంమ్యాప్ లాక్‌కు, అదే ప్రాసెస్‌లోని ఇంకో థ్రెడ్ ఎంమ్యాప్ లాక్ నుంచి మ్యూటెక్స్‌కు వెళ్తున్నాయి. 6.4 నుంచి వచ్చిన ఒక్కో వీఎంఏకి (ప్రాసెస్ మెమరీలోని ఒక్కో ప్రాంతానికి) వేరే లాక్ అన్న ఏర్పాటు వల్ల చాలా ఫాల్ట్‌లు ఎంమ్యాప్ లాక్ దాకా రావు. దానివల్ల డెడ్‌లాక్ అరుదవుతుంది తప్ప పోదు. నిజంగా ఫాల్ట్ రాకపోయినా రావచ్చని మైట్ ఫాల్ట్ అన్న గుర్తు లాక్‌డెప్‌కు చెబుతుంది, అందుకే మీకు ముందే తెలిసింది.

యూజర్ డేటాను మ్యూటెక్స్ తీసుకోకముందే కెర్నల్ బఫర్లోకి కాపీ చేయండి. రీడ్ దారిలో బఫర్ నింపి, మ్యూటెక్స్ వదిలాక కాపీ టు యూజర్ చేయండి. బఫర్లు పెద్దవైతే, ఎంమ్యాప్ హ్యాండ్లర్‌కు కావలసిన ఆ కాస్త సమాచారానికి వేరే చిన్న లాక్ పెట్టి, దాని లోపల యూజర్ మెమరీని ఎప్పుడూ తాకకండి. మెమరీ విభాగంలోని పెద్ద వరసలన్నీ ఎంఎం డైరెక్టరీలోని ఫైల్‌మ్యాప్, ఆర్‌మ్యాప్ సోర్స్ ఫైళ్ల తొలి కామెంట్లలో రాసి ఉన్నాయి. మీ లాక్ వాటిలో ఎక్కడ కూర్చుంటుందో చూసుకోండి.

ప్రశ్న: వరస గొడవెందుకు, ట్రైలాక్ (ఎదురుచూడకుండా లాక్ అడగడం) చేసి దొరక్కపోతే అన్నీ వదిలేసి మళ్లీ ప్రయత్నిస్తే సరిపోదా? (తిరుపతి పాఠకుడు)

జవాబు: కొన్నిచోట్ల అదే దారి. నెట్‌వర్క్ డివైస్‌ల సిస్‌ఎఫ్ఎస్ ఫైళ్లలో ఆర్‌టీఎన్‌ఎల్ (నెట్‌వర్క్ సెట్టింగులను కాపాడే పెద్ద లాక్) ట్రైలాక్ చేసి, దొరక్కపోతే సిస్టమ్ కాల్‌ను మొదటి నుంచి నడిపించే కోడ్ ఉంది. ఎందుకంటే డివైస్ తీసేసే దారి ఆర్‌టీఎన్‌ఎల్ పట్టుకుని, ఆ ఫైల్ వాడేవాళ్లు బయటికొచ్చేదాకా ఆగుతుంది. కానీ దీన్ని అలవాటు చేసుకోకండి. ఇద్దరూ ఒకేలా వదిలి, ఒకేలా మళ్లీ ప్రయత్నిస్తుంటే సీపీయూ కాలిపోతుంది, పని జరగదు. పైగా ట్రైలాక్‌తో తీసుకున్న లాక్‌కు ముందువాటితో సంబంధాన్ని లాక్‌డెప్ రాసుకోదు, అంటే ఆ వైపు మీకు కాపలా లేదు. రిటర్న్ విలువలు కూడా చూసుకోండి: మ్యూటెక్స్ ట్రైలాక్ దొరికితే 1 ఇస్తుంది, సెమఫోర్ డౌన్ ట్రైలాక్ దొరికితే 0 ఇస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఇఫ్ షరతు తిరగేయడం మరిచిపోయిన ప్యాచ్‌లు నిజంగానే వస్తుంటాయి.

ఎన్ని లాక్‌లు, ఏ వరసలో కావాలో యూజర్ ప్రోగ్రామే నిర్ణయించే చోటుకు, ముఖ్యంగా గ్రాఫిక్స్ బఫర్లకు, 2013లో 3.11 కెర్నల్‌తో డబ్ల్యూడబ్ల్యూ మ్యూటెక్స్ వచ్చింది. ప్రతి ప్రయత్నానికీ ఒక టికెట్ ఉంటుంది. ఘర్షణ వస్తే పాత టికెట్‌దే పైచేయి, కొత్త టికెట్‌వాడికి మైనస్ ఈడెడ్‌లాక్ అనే ఎర్రర్ వస్తుంది. అతను తన చేతిలోవన్నీ వదిలి, దొరకని ఆ లాక్‌ను స్లో రూపంతో ముందుగా తీసుకుని, మిగిలినవి అదే టికెట్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త టికెట్ తీసుకుంటే వయసు పోతుంది, ఎప్పటికీ వంతు రాకపోవచ్చు. మీ దగ్గర ఉన్నవి రెండు మూడు లాక్‌లే అయితే ఇదంతా అక్కర్లేదు, అడ్రస్ వరస పెట్టుకోండి.